చెరువు శాసనం చెప్పే పాఠం

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో సంస్కృతికి విడిగా చోటు లేదు. అభివృద్ధి అంటే ఇంజినీర్లు, ఆర్థికవేత్తల పనేనన్న ధోరణి మన దగ్గరా బలంగా ఉంది. అది సరికాదనడానికి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనమే సాక్ష్యం. 1369 నాటి ఈ శాసనం మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను వివరిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, నీటికి మించిన ఆయకట్టు, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఆ దోషాల్లో కొన్ని. నదీజలాల కోసం రాష్ట్రాలు ట్రిబ్యునళ్ల ముందు వాదించుకుంటున్న ఈ రోజుల్లో ఆ చివరి హెచ్చరిక ఎంత దూరదృష్టితో చేసిందో అర్థమవుతుంది.

ఈ జ్ఞానం మనకు అందింది పాత లిపిని చదివి, అర్థం విప్పిచెప్పిన పండితుల వల్ల. అలాంటివారిని తయారుచేసే చరిత్ర, భాషా శాఖలను దండగ ఖర్చుగా చూడటం ఆత్మహత్యాసదృశం. చెరువుల పునరుద్ధరణ ప్రణాళికల్లో ఇంజినీర్ల సరసన చరిత్రకారులకు స్థానం కల్పించాలి. గొలుసుకట్టు చెరువుల ఆనవాళ్లను, చెరువు నీటిని పొలాలకు పంచే నీరటికాండ్ర అనుభవాన్ని గ్రంథస్థం చేయించాలి. నీటి పొదుపు సందేశాన్ని ఊరూరా వినిపించే పని బుర్రకథ, ఒగ్గుకథ కళాకారులకు గౌరవప్రదమైన వేతనంతో అప్పగించాలి. నిన్నటి అనుభవాన్ని చదవలేని సమాజం రేపటికి నీరు మిగల్చలేదు.