పిల్లని కాదు, ముందు కమానుని చూడండి

ఈ సంచికలో మన బడి పిల్లలు రాసిన కథలూ, గీసిన బొమ్మలూ చూసి మురిసిపోయాక, పెద్దవాళ్ళు ఈ రెండు పేజీలు కూడా ఓపిగ్గా చదవాలని మా మనవి. విషయం చిన్నదే. ఫిడేలు కొత్తగా నేర్చుకునే పిల్లలకి కమాను ఎలా కొనాలి అన్నది. తెలుగు బడి సంచికలో ఫిడేలు గొడవేమిటి అనుకోకండి. ఆదివారం పొద్దున్న గుణింతాలు అప్పజెప్పించుకుని, మధ్యాహ్నం సంగీతం క్లాసుకి కారులో పరిగెత్తించే ఇళ్ళు మన బడిలో చాలా ఉన్నాయి. పైగా ఇక్కడి స్కూళ్ళలో చాలాచోట్ల నాలుగో తరగతికో అయిదో తరగతికో ఆర్కెస్ట్రా మొదలవుతుంది. మన పిల్లల్లో సగం మంది అక్కడ చెయ్యెత్తి వయొలినే కావాలంటారు. అప్పుడు మనం చేసే తప్పులు కూడా ఇంచుమించు ఒక్కటే. మేము చేసిన తప్పు ముందు చెప్తాం.

మా అమ్మాయికి ఏడో ఏడు వచ్చినప్పుడు వాళ్ళ తాతయ్య విజయనగరం నుంచి వస్తూ ఒక చిన్న ఫిడేలు తెచ్చారు. సామానులో వేస్తే విరిగిపోతుందని విమానంలో ఒళ్ళోనే పెట్టుకుని వచ్చారు. ఆ ఊరివాళ్ళకి ఫిడేలంటే ఒక ప్రత్యేకమైన మక్కువ. అక్కడి మహారాజావారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ తర్వాత 1936లో ఆ పదవికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. నాయుడుగారి కమాను గురించి మా మామయ్యగారు ఇప్పటికీ తాను ఎదురుగా కూర్చుని విన్నట్టే చెప్తారు. అలాంటి మనిషి తెచ్చిన ఫిడేలు కదా, మేము దాన్ని అపురూపంగా చూసుకున్నాం. అద్దంలా తుడిచి, పెట్టెలో పెట్టి, హాల్లో హీటర్ గాలి వచ్చే మూల నిలబెట్టాం. కమాను మర వదులు చెయ్యాలని మాకు ఎవరూ చెప్పలేదు. మేము అడగనూ లేదు.

రెండు న్యూజెర్సీ చలికాలాలు గడిచాయి. అమ్మాయి వాయిస్తే కీచుమనడమే తప్ప స్వరం పలకదు. నిదానంగా లాగితే కమాను తీగ మీంచి జారిపోతుంది. నొక్కితే గీరుతుంది. మేమిద్దరం ఒకరి తర్వాత ఒకరం అందుకున్నాం. "శ్రద్ధ లేదు", "చెయ్యి తిరగడం లేదు", "పక్కింటి పిల్ల చూడు వర్ణం దాకా వచ్చేసింది." చివరికి ఒకరోజు అది పెట్టె మూసేసి, "ఐ యామ్ జస్ట్ నాట్ గుడ్ అట్ ఇట్" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మానిపించేద్దాం అని చెప్పడానికే గురువుగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఏమీ అనకుండా మా కమాను చేతిలోకి తీసుకుని, బాణం గురి చూసినట్టు ఒక కన్ను మూసి, కర్ర వెంబడి చూశారు. మమ్మల్నీ చూడమన్నారు. కర్ర మధ్యనుంచి పక్కకి తిరిగిపోయి ఉంది, వేసవిలో ఎండిన కొబ్బరి ఈనెలాగ. ఆవిడ తన దగ్గరున్న మామూలు పిల్లల కమాను ఒకటి అమ్మాయి చేతికిచ్చి సరళి వరస వాయించమన్నారు. అదే ఫిడేలు, అదే పిల్ల, అదే చెయ్యి. షడ్జం నిలబడింది. అమ్మాయి ఆగి, మా వంక చూసింది. ఆ చూపుకి మేము ఇంటికి వచ్చాక క్షమాపణ చెప్పుకున్నాం.

ఆ రోజునుంచీ మా అభిప్రాయం ఒకటే. పిల్ల చేతిని అనుమానించే ముందు పిల్ల చేతిలో ఉన్న కర్రని అనుమానించాలి. అందుకోసం వేలకి వేలు పొయ్యక్కర్లేదు. కాస్త తెలుసుకుంటే చాలు.

మన కొనుగోళ్ళ తీరు చూడండి. రెండు వందల డాలర్లు పెట్టి పెట్టెతో సహా సెట్టు కొంటాం. ఫిడేలు మెరుగు చూస్తాం, చారలు చూస్తాం, పెట్టె లోపలి మఖమలు కూడా చూస్తాం. కమానుని మాత్రం చీపురుతో వచ్చిన పుల్లలా తీసిపడేస్తాం. చవక సెట్లలో డబ్బు మిగుల్చుకునేది సాధారణంగా అక్కడే. కాని తీగని పలికించేది కమానే. ఎడమ చెయ్యి స్వరాన్ని వెతుకుతుంది, కుడి చెయ్యి దానికి ఊపిరి పోస్తుంది. మన కర్ణాటక సంగీతంలో అయితే ఒక్క లాగుడులో ఎన్నో స్వరాలు, వాటి మీద గమకాలు పలకాలి. కమాను వణికితే అవన్నీ తెగిపోతాయి. పిల్ల పద్మాసనం వేసుకుని సా-పా-సా-పా శ్రుతిలో వాయించినా, స్కూల్లో కుర్చీలో కూర్చుని వాళ్ళ శ్రుతిలో వాయించినా కమాను ఒకటే. రెంటికీ ఒకటి మంచిది ఉంటే చాలు.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? గురువుగారు మాకు చెప్పినవీ, ఆ తర్వాత మూడు సైజుల కమానులు మార్చే క్రమంలో మేము నేర్చుకున్నవీ ఇవి.

మొదటిది సైజు. పిల్లల ఫిడేళ్ళు పావు, అర, ముప్పావు ఇలా వస్తాయి, కమానులూ అంతే. ఫిడేలు సైజు కమానే తీసుకోవాలి. ఎలాగూ పెరుగుతుంది కదా అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనకండి. పొడుగు కమాను చిన్న చేతికి బరువు, మోచెయ్యి వెనక్కి పోయి అలవాటు చెడుతుంది.

రెండోది వంపు. పైనుంచి గురి చూస్తే కర్ర పక్కలకి తిరగకుండా తిన్నగా ఉండాలి. పక్కనుంచి చూస్తే మాత్రం మధ్యలో వెంట్రుకల వైపు లోపలికి వంగి ఉండాలి. ఆ వంపులోనే దాని సత్తువంతా ఉంది. పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ (1747-1835) అనే ఆయన చేతుల్లో కమాను నేటి రూపం స్థిరపడింది. ఇప్పటికీ చవకదైనా ఖరీదైనదైనా ఆ రూపమే. బాగా బిగించాక కూడా ఆ వంపు కాస్త మిగలాలి. బిగించగానే బల్లలా తిన్నగా అయిపోతే అది బలహీనమైన కర్ర.

మూడోది మర. చివరనున్న మర తిప్పితే చేత్తో పట్టుకునే చోటున్న నల్ల దిమ్మ నున్నగా ముందుకీ వెనక్కీ జరగాలి. ఇంగ్లీషులో దాన్ని ఫ్రాగ్ అంటారు. కప్పేమిటని మా పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. అది కదలకపోయినా, పక్కలకి ఊగినా ఆ కమాను వద్దు.

నాలుగోది వెంట్రుకలు. అవి గుర్రపు తోక వెంట్రుకలే అయి ఉండాలి. పట్టీలా సమంగా పరుచుకోవాలి. ఒక పక్క బిగువుగా, ఇంకో పక్క వదులుగా ఉండకూడదు. కొన్ని చవక కమానులకి ప్లాస్టిక్ దారాలు వేస్తారు. వాటిని రోజిన్ సరిగ్గా పట్టదు.

ఇక ఏ కర్ర అన్నది. మేము దుకాణాల్లో చూసినంతలో పిల్లల సైజుల్లో ఫైబర్‌గ్లాస్‌వి 30 నుంచి 60 డాలర్ల మధ్య, బ్రెజిల్‌వుడ్ అనే చెక్కవి 50 నుంచి 100 మధ్య, కార్బన్ ఫైబర్‌వి 80 దగ్గర మొదలై పైకి ఉన్నాయి. చెక్క చూడ్డానికి అందంగా ఉంటుంది. కాని చవక చెక్క కమానుల్లో పదింటికి పది రకాలు. బాగున్నది దొరకడం అదృష్టం. వాతావరణానికి తిరిగిపోతాయి కూడా. చిన్న సైజుల్లో, ఏడాదిన్నరకో రెండేళ్ళకో మారిపోయేవాటికి, చక్కగా చేసిన ఫైబర్‌గ్లాస్ చాలని మా అభిప్రాయం. కింద పడినా తొందరగా విరగదు, చలికీ ఎండకీ వంగదు. పిల్ల పూర్తి సైజుకి వచ్చాక, ఇంకా శ్రద్ధగా వాయిస్తోందంటే అప్పుడు కార్బన్ ఫైబర్ ఆలోచించండి. పెర్నాంబుకో అనే మేలురకం చెక్క పేరు మీరు వింటారు. బ్రెజిల్ దేశానికి ఆ పేరు ఆ చెట్టునుంచే వచ్చింది. కొట్టీ కొట్టీ ఇప్పుడది అంతరించే ప్రమాదంలో పడింది. 2007 నుంచి దాని వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ ఉంది. సరళి వరసలకి ఆ చెట్టుని నరకక్కర్లేదు.

దుకాణంలో మేము చేసే పని ఒకటి చెప్తాం. మూడు కమానులు తీసుకుని, ధర చీటీలు తిప్పేసి, పిల్ల సొంత ఫిడేలు మీద ఒక్కొక్కదానితో ఒకే వరస వాయించమంటాం. మేము కళ్ళు మూసుకుని వింటాం. పోయినసారి మా అమ్మాయి ఎంచుకున్నది మూడింటిలో మధ్య ధరది. ఎందుకు అంటే, "ఇది నేను చెప్పినట్టు వింటుంది" అంది. అంతకంటే మంచి కారణం మాకు తోచలేదు.

"వచ్చే ఏడాది మానేస్తుందేమో, ఇప్పుడు మంచిది ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, మేమూ అడిగాం. మంచిది అంటే ఖరీదైనది కాదు. అంత నమ్మకం లేకపోతే అద్దెకి తీసుకోండి. వయొలిన్ దుకాణాలు చాలావరకు కమానుతో సహా నెలకింత అని అద్దెకిస్తాయి, పిల్ల పెరిగితే సైజు మారుస్తాయి. అద్దెది అయినా కమాను గురి చూడండి, బాగా లేకపోతే అక్కడే మార్చమనండి. మంచి కమాను ఇచ్చాక కూడా పిల్ల మానేస్తానంటే అది దాని ఇష్టం. వంకర కర్ర ఇచ్చి మాన్పిస్తే ఆ తప్పు మనది.

అటు ఇంకో కొస కూడా మన మధ్య ఉంది. పక్కవాళ్ళు మూడు వందలది కొన్నారని మనం నాలుగు వందలది కొనడం. కమాను ధర పెరిగిన కొద్దీ పిల్ల మీద బరువు కూడా పెరుగుతుంది. "ఇంత పోసి కొన్నాం" అన్న మాట ఏడేళ్ళ పిల్ల మొయ్యాల్సింది కాదు.

ఇప్పుడు అసలు కోరిక. మన ఇళ్ళలో అలమారల్లో ఎన్ని చిన్న కమానులు ఊరికే పడి ఉన్నాయో లెక్కపెట్టండి. మా ఇంట్లోనే రెండు, ఒక అరసైజుది, ఒక ముప్పావుది. అటు కొత్తగా వచ్చి, ఒక్క జీతం మీద ఇల్లు నడుపుకుంటూ, నలభై డాలర్లకి కూడా ఆలోచించే కుటుంబాలు మన బడిలో ఉన్నాయి. మేమూ ఒకప్పుడు అలాగే ఉన్నాం. అడగడానికి మొహమాటపడతారని మాకు తెలుసు. అందుకని మన బడి పుస్తకాల బీరువా పక్కన ఒక కమానుల పెట్టె పెడదాం. ప్రతి కమానుకి సైజు రాసిన చీటీ కడదాం. గురువుగారు ఏడాదికోసారి అన్నిటినీ గురి చూసి, వంకర పోయినవి తీసేస్తామన్నారు. కావలసినవారు పేరు రాయకుండా, ఎవరినీ అడగకుండా తీసుకెళ్ళాలి. సైజు మారాక తెచ్చి పెట్టాలి. సెప్టెంబరులో బడి తెరిచిన మొదటి ఆదివారం మా రెండూ అందులో ఉంటాయి.

పిల్లలూ, మీకు నాలుగు మాటలు. వాయించడం అయ్యాక కమాను మర వదులు చెయ్యండి. చలికాలంలో ఇంట్లో గాలి ఎండిపోయి వెంట్రుకలు కురచవుతాయి, బిగించి వదిలేస్తే కర్ర పాడవుతుంది. వాయించేటప్పుడు కూడా వెంట్రుకలకీ కర్రకీ మధ్య పెన్సిల్ దూరేంత సందు చాలు. వెంట్రుకల్ని వేళ్ళతో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే అక్కడ స్వరం పలకదు. ఎండలో నిలిపిన కారులో ఫిడేలు వదలకండి. ఇంకొకటి, ఇంట్లో దాన్ని బో అనకుండా కమాను అనండి. పారశీకంలో ఆ మాటకి విల్లు అనే అర్థం, ఇంగ్లీషు మాటకీ అదే అర్థం. రాముడి చేతిలోదీ మీ చేతిలోదీ ఒకటే పేరు.

తాతయ్య తెచ్చిన కమాను సంగతి మేము రెండేళ్ళ దాకా ఆయనకి చెప్పలేకపోయాం. పోయిన సంక్రాంతికి ఫోనులో చెప్పేశాం, మా అజాగ్రత్త వల్లే వంగిపోయిందని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కర్ర పోతే పోయింది గానీ, పిల్ల వాయిస్తోందా?" అన్నారు. ఫోను బల్ల మీద పెట్టి అమ్మాయిని పిలిచాం.