మహరును పసుపుకుంకుమలును



క్రిందటి మాసమున నొక మధ్యాహ్నము, మా అడిక్‌మెట్టు వీథిలో నివసించు ముస్లిము సోదరి యొకతె చేత కాగితము పట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమెకు ఉర్దూ చదువ వచ్చును గాని తెలుగు లిపి రాదు. "అక్కా, ఇందులో ఏమున్నదో చదివి చెప్పండి. అన్నలు సంతకము చేయుమంటున్నారు" అనెను. అది హక్కు విడుదల పత్రము. తండ్రి విడిచిన యింటిలో తనకు గల భాగమును ప్రేమాభిమానములచేత సోదరులకు వదలుకొనుచున్నట్లు అందు వ్రాయబడి యుండెను.

చదువుచుండగా మా గొంతు తడబడెను. ఏలయన, అట్టి మాటలే గల పత్రముపై మేమును మా తండ్రిగారు పోయిన యేట పుట్టినింట సంతకము చేసినవారమే. నాడు మాకొక పట్టుచీరయు పసుపుకుంకుమలును ఇచ్చిరి. మా భాగమెంతయో మేమడుగలేదు; ఎవరును చెప్పలేదు.

ఇస్లాము మతమున స్త్రీకి హక్కులు లేవని మనలో పలువురు తేలికగా ననుచుందురు. ఆ మాట సరికాదు. ఖురానునందలి నాలుగవ అధ్యాయమునకు 'నిసా' యని పేరు, స్త్రీలని యర్థము. తల్లిదండ్రులు విడిచిన యాస్తి కొంచెమైనను అధికమైనను అందు స్త్రీలకును నిర్ణీతమైన భాగము కలదని ఆ అధ్యాయము విధించుచున్నది. ఇది క్రీస్తుశకము ఏడవ శతాబ్దమునాటి మాట.

ఆ సోదరి కుటుంబమునే తీసికొందము. తండ్రి పోయెను, తాతయు అవ్వయు లేరు, తల్లియు, ఇద్దరు కుమారులును, ఒక కూతురును మిగిలిరి. అంత్యక్రియల వ్యయమును, అప్పులును, మరణశాసనమేదైన నున్నచో అదియు తీరిన పిమ్మట మిగిలినదానిని 40 పాళ్లు చేసినచో, తల్లికి ఎనిమిదవ వంతు, అనగా 5 పాళ్లు, కుమారులకు తలకొక 14, కూతునకు 7. కూతుని పాలు కుమారుని పాలులో సగమే. కుటుంబపోషణభారము పురుషునిపై నుంచుటచే నిట్లు విధింపబడెనని వారి పండితులందురు. తానును సంపాదించి యిల్లు గడుపుచున్న స్త్రీకి ఆ సగము న్యాయమేనా యని ఆ మతపు స్త్రీలే నేడు ప్రశ్నించుచున్నారు. అయినను ఆ 7 పాళ్లు ఒకరు దయతో నిచ్చునవి కావు; ఆమెవే.

ఇక మహరు. అది వరుడు వధువునకు ఇయ్యవలసిన ధనము. కన్యాశుల్కమువలె తండ్రి చేతికి పోవునది కాదు, వధువు సొత్తు. పెండ్లినాడు చెల్లింపనిచో అది భర్తపై ఋణమై నిలుచును; అతడు పోయినచో ఆస్తి పంచుటకు ముందే తక్కిన ఋణములతోపాటు తీర్పవలసి యుండును. "మీ తల్లిగారి మహరు తీర్చినారా?" యని మేమడిగితిమి. ఆ సోదరి కొంతసేపు మాటాడలేదు. తండ్రి శవము ముందర పెద్దలు నిలిచి, మహరు మాఫీ చేసితినని చెప్పుమనిరట. చెప్పినగాని ఆయనకు ఋణవిముక్తి లేదనిరట. తల్లి తల యూచెనట.

భార్య మనఃపూర్వకముగా వదలుకొన్ననే అది మాఫీ యగునని ఖురాను నియమము. భర్త మరణదుఃఖమున నున్న స్త్రీచే పలికించిన మాఫీ చెల్లదని న్యాయస్థానములును చెప్పియున్నవి.

మన ధర్మశాస్త్రములును స్త్రీధనమును గుర్తించినవి. కాని హిందూ వితంతువునకు భర్త యాస్తిలో 1937 నాటి చట్టముచే లభించినది జీవితకాలపు అనుభవమే. సంపూర్ణ హక్కు 1956లో వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టము, అంతకు ముందటి సెప్టెంబరు నుండియే వర్తించునట్లు, అప్పటికి పెండ్లికాని కుమార్తెకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానభాగ మిచ్చెను. దేశమంతటను కుమార్తెల కందరికిని 2005లో ఆ హక్కు కలిగెను. కావున పొరుగింటివారిని చూచి గర్వించుటకు మనకు తావులేదు. వారి తల్లి శవము ముందర తల యూచెను. మేము పసుపుకుంకుమల ముందర సంతకము చేసితిమి. రెండుచోట్లను హక్కు వ్రాతలో నున్నది. దానిని హరించినది మొగమాటము.

భారతమున ద్రౌపది నిండుసభలో న్యాయప్రశ్న నడిగినప్పుడు పెద్దలు తలలు వంచుకొనిరి. నేడు మన తెలంగాణపు ముస్లిము స్త్రీలడిగిన ప్రశ్నలకు సమాధానములు వచ్చుచున్నవి. ఇచ్చట పుట్టిన ఒక వ్యాజ్యమున, విడాకు లొందిన ముస్లిము స్త్రీయు తక్కిన స్త్రీలవలె సామాన్య చట్టము క్రింద మనోవర్తి కోరవచ్చునని 2024 జూలై 10న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. భార్య తానై వివాహబంధమును వదలించుకొను పద్ధతికి ఖులా యని పేరు. దానికి భర్త యంగీకారము అవసరము లేదనియు, ముఫ్తీ మాట సలహాయే యనియు 2025 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము నిర్ణయించెను.

మేము లెక్క వేసి చూపగా ఆ సోదరి కాగితము మడిచి, "ముందు అమ్మీ నికానామాలో మహరెంతో చూస్తాను, సంతకము మాట తరువాత" అని లేచెను. ఆమె తన భాగమును ఉంచుకొనునో, అన్నల కిచ్చునో ఆమె యిష్టము. ఇచ్చినను ఎంత యిచ్చుచున్నదో యెరిగి యిచ్చును. మాకు ఆ భాగ్యము లేకపోయెను.

కావున సోదరీమణులారా, పుట్టినింట కాగితము చేతికిచ్చిననాడు ఒక్క రాత్రి దానిని మీయొద్ద నుంచుకొనుడు. చదువుడు; చదువలేనిచో చదివించుకొనుడు; పాళ్లు లెక్కించుకొనుడు. ఆ పిమ్మట ఇచ్చినదే ప్రేమచే నిచ్చిన దనిపించుకొనును. మీకు కుమారులున్నచో, చెల్లెలి భాగమెంతయో వారికి నేడే చెప్పియుంచుడు.