నీటిమీద తేలే రోడ్డు

బాలలూ! వంతెన కట్టాలంటే నీటి అడుగున గట్టినేల తగిలేదాకా పునాది దింపి, దానిమీద స్తంభాలు లేపుతారు. మరి నీరు మిక్కిలి లోతై, అడుగంతా మెత్తని బురదైతే?

అమెరికాలో సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు అలాంటిదే. కొన్నిచోట్ల దాని లోతు 60 మీటర్లకు పైమాటే! హోమర్ హాడ్లీ అనే ఇంజనీరు 1920ల్లోనే ఒక ఉపాయం చెప్పాడు. కాంక్రీటుతో పెద్ద పెద్ద బోలు పెట్టెలు చేసి, నీటిపై వరసగా తేలవేసి, వాటిమీద రోడ్డు వెయ్యాలన్నాడు. కాంక్రీటు తేలుతుందా అని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు.

తేలుతుందో లేదో మనమే చూద్దాం. నీళ్ళతొట్టిలో ఇత్తడి చెంచా వెయ్యండి. మునిగింది కదా! ఇప్పుడు ఇత్తడి గిన్నె పెట్టండి. తేలింది! రెండూ ఇత్తడే. ఏదైనా వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తుందో, అంత నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దాన్ని పైకెత్తుతుంది. బోలుగా ఉన్న గిన్నె, పూర్తిగా మునగకముందే తన బరువంత నీటిని తోసివేస్తుంది. అందుకే తేలుతుంది. ఈ సూత్రం కనిపెట్టినవాడు ఆర్కిమిడీస్.

1940లో ఆ వంతెన రానే వచ్చింది. తేలే భాగమే సుమారు 2 కిలోమీటర్లు! గాలికి కొట్టుకుపోకుండా పెట్టెలను ఉక్కుతాళ్ళతో అడుగున లంగర్లకు కట్టారు.

యాభై ఏళ్ళు గడిచాయి. 1990లో దానికి మరమ్మతులు సాగుతున్నాయి. పనిలో వాడిన మురికినీటిని సరస్సులోకి వదలకూడదని పెట్టెల్లోనే నిలవచేశారు. అందుకోసం నీరు చొరకుండా కాపాడే తలుపులు తీసివేశారు. అంతలో గాలివాన వచ్చింది. వాననీరూ, అలల నీరూ లోపలికి చేరాయి. నవంబరు 25న వంతెనలో పెద్దభాగం సరస్సు అడుగుకు పోయింది. అప్పుడు దానిపై రాకపోకలు లేవు గనుక ఎవరికీ ప్రాణహాని కలగలేదు.

చూశారా! యాభై ఏళ్ళ గాలివానలకు తట్టుకున్న వంతెన, తలుపులు తీసి ఉంచినందుకు మునిగింది. ఆర్కిమిడీస్ సూత్రం ఆనాడూ తప్పలేదు. బోలుతనం పోయింది గనుక తేలడం కూడా పోయింది.

1993లో దాన్ని తిరిగి కట్టారు. పక్కనే ఉన్న మరో తేలే వంతెనకు హాడ్లీ పేరే పెట్టారు. అదే సరస్సుపై 2016లో తెరిచిన ఇంకొక వంతెనకు 77 పెట్టెలున్నాయి. దాని తేలే భాగం 2,350 మీటర్లు.

ఇక మీకొక ప్రశ్న. తేలే వంతెనమీదికి బరువైన లారీ ఎక్కితే పెట్టె కాస్త కిందికి దిగుతుందా, దిగదా? మళ్ళీ గిన్నె తేలవేసి, అందులో ఒక్కొక్క గోలీ వేస్తూ గిన్నె అంచును గమనించండి. జవాబు నన్నడగక్కరలేదు, గిన్నే చెబుతుంది!