పసుపు ఎర్రబడితే నమ్ముతరు, పిల్ల చెప్తే నమ్మరు!

హాస్టల్ అన్నం తిని పెరిగిన అన్నలారా, అక్కలారా, ఇయ్యాల కూడా ఆ అన్నమే తింటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

సిరికొండ, ఆర్మూర్ దిక్కు పసుపు లేని ఇల్లు ఉండదు. చిటికెడు పసుపుల కొంచెం సున్నం కలిపి చూడండి. ఎర్రగా మారుతది. దిష్టి తీసే ఎర్రనీళ్లు మన అమ్మలు అట్లనే కలుపుతరు. ఇది మంత్రం కాదు, కెమిస్ట్రీ. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే రంగు మారుతుంది.

కోడి మాంసమో, చేపో చెడిపోయేటప్పుడు ఏమైతది? సూక్ష్మజీవులు అందులోని ప్రొటీన్లను, ఇతర పదార్థాలను విరగ్గొట్టి అమోనియా, ట్రైమిథైల్ అమైన్ లాంటి వాయువులను వదులుతాయి. మన ముక్కుకు కొట్టే కంపులో ఇవీ ఉంటాయి. ఇవి కూడా క్షారాలే. అంటే చెడిన మాంసం దగ్గర కర్కుమిన్ రంగు మారాలె కదా? మారుతుంది. 2012లో ఇండోనేషియా శాస్త్రవేత్తలు కర్కుమిన్‌తో చిన్న స్టిక్కర్ తయారుచేసి రొయ్యల ప్యాకెట్‌కు అంటించి చూపించారు. రొయ్యలు చెడుతున్న కొద్దీ పసుపు స్టిక్కర్ ఎరుపు వైపు మళ్లింది. యంత్రం లేదు, కరెంటు లేదు. చదువు రాని మనిషి కూడా చూసి చెప్పగలడు.

ఎలక్ట్రానిక్ సెన్సర్లు కూడా ఉన్నాయి. వేడెక్కిన టిన్ ఆక్సైడ్ పొరకు వాయువు తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును యంత్రం కొలుస్తుంది. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు కొనే చిన్న సెన్సర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి.

మరి ఇవి మన ఆశ్రమ పాఠశాలల వంటగదుల్లోకి ఎందుకు రావు?

2025 జనవరి 14న నిజామాబాద్‌ల జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మంచిదే, రైతులు ఏండ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్నరు. పసుపుల కర్కుమిన్ ఎంతుందో ల్యాబుల కొలుస్తరు, దాన్ని చూసి ధర కడతరు. కొమ్ముకు పరీక్ష ఉంది. ఆదివాసీ బిడ్డ పళ్లెంలకు వచ్చే కూరకు పరీక్ష ఏది?

వాంకిడిని మరిచిపోయినమా? 2024 అక్టోబర్ చివర్ల కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో పదుల సంఖ్యలో ఆడపిల్లలు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. అందులో ఒక చెల్లె నవంబర్ 25న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. అదే నెలల నారాయణపేట జిల్లా మాగనూర్ బడిలో కూడా పిల్లలు మధ్యాహ్న భోజనం తిని ఆస్పత్రి పాలయ్యారు. అప్పుడు హైకోర్టు మందలించింది, ప్రభుత్వం కమిటీలు వేసింది. బడిలో హెడ్మాస్టర్, ఇంకో ఇద్దరు సిబ్బంది ముందుగా రుచి చూడాలన్నరు. సరే. మరి రోజూ తినే పిల్లకు ఆ కమిటీల కుర్చీ ఎందుకు లేదు?

అసలు విషయం ఇక్కడనే ఉంది. ప్రతి హాస్టల్‌ల వందల సెన్సర్లు ఇప్పటికే ఉన్నయి. అవి పిల్లల ముక్కులు. "సార్, కూర వాసనొస్తుంది" అని పిల్ల చెప్తే వచ్చే జవాబు మనకు తెల్వదా? "ఇంట్ల ఏం తింటవే నువ్వు?" ఈ మాటల ఉన్నది కులం, ఉన్నది చిన్నచూపు. 2013 జూలై 16న బీహార్ గండామన్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె తేడాగా ఉందని వంటమనిషి ముందే చెప్పిందని, అయినా వండమన్నరని అప్పట్లో వార్తలొచ్చాయి. ముక్కు పని చేసింది. వినాల్సిన చెవి పని చెయ్యలేదు.

అందుకే మనకు సెన్సర్ కావాలె. పిల్ల మాటను కొట్టిపారేసినట్టు ఎర్రబడ్డ కాగితాన్ని కొట్టిపారెయ్యలేరు. అది సాక్ష్యం.

కానీ ఒక్క మాట జాగ్రత్త. సెన్సర్ గోడకు తగిలించి ఫొటో దిగి "ఇక అంతా భద్రం" అంటే నమ్మకండి. గండామన్‌లో నూనెల కలిసింది పురుగుమందు, దాన్ని ఈ పసుపు కాగితం పట్టలేదు. పప్పు పులిస్తే వచ్చేది ఆమ్లం, దానికి పసుపు ఎర్రబడదు. పొద్దున వండి రాత్రిదాకా పెట్టిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం చేస్తే వాసనే రాకపోవచ్చు, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన తిండిని బయట 2 గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది అందుకే. ఫ్రిజ్, మంచినీళ్లు, సరిపడా వంటమనుషులు, వాళ్లకు నెలనెలా జీతం... వీటి బదులు సెన్సర్ ఇస్తామంటే ఒప్పుకునేది లేదు. వీటితో పాటు ఇవ్వాలె.

మనం అడగాల్సినవి మూడు. ఒకటి, మాంసం, చేప దిగుమతి అయ్యేటప్పుడే, వండకముందే పరీక్ష చెయ్యాలె. ఫలితం భోజనశాల గోడ మీద రాయాలె, పిల్లల ప్రతినిధి సంతకం పెట్టాలె. రెండు, వండిన టైము గిన్నె మీద రాయాలె. మూడు, పిల్ల వాసన వస్తుందంటే వడ్డన ఆపాలె, నమూనా ల్యాబ్‌కు పోవాలె, వేరే భోజనం పెట్టాలె. చెప్పిన పిల్ల మీద కక్ష కట్టొద్దు.

డిగ్రీల కెమిస్ట్రీ చదివిన తమ్ముళ్లారా, మీ సర్టిఫికెట్‌కు పని పడింది. పసుపును స్పిరిట్‌ల కలిపి వడకట్టి, వడపోత కాగితం ముంచి ఆరబెట్టండి. అమోనియా సీసా మూతి దగ్గర పెట్టి గూడెం పిల్లలకు, తల్లిదండ్రులకు చూపించండి. ఆ కాగితంతోనే తిండికి గ్యారంటీ రాదని కూడా చెప్పండి. తర్వాత ఆ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని హాస్టల్ వంటగదికి నడవండి.

చెడిన కూరను వెనక్కి పంపే హక్కు లేని చోట ఎంత గొప్ప సెన్సరైనా గోడకు వేలాడే బొమ్మే. ఆ హక్కు ఎవరో ఇచ్చేది కాదు, మనం తీసుకునేది.

జై ఆదివాసీ!