ఓడ మన కోసం ఆగదు, ఒకరోజు ముందే పోదాం



మన గ్రూపులో పది రోజులుగా ఒకటే మాట నడుస్తా ఉంది. సింగపూర్ పోయి ఓడ ఎక్కుదాం, ఓడ టికెట్లు అందరికీ ఒకచోట తీసుకుందాం, విమానం టికెట్లు మాత్రం మనమే చేసుకుందాం, ఏజెంటుకు పోయే డబ్బు మిగులుతుంది అని. మంచి మాటే. సొంతంగా టికెట్ తీసుకోవడానికి నేనూ సరే అంటాను. కానీ దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది. రాత్రి బెంగళూరులో ఎక్కితే తెల్లారేసరికి సింగపూర్, అదే రోజు సాయంత్రం ఓడ, హోటల్ ఖర్చు మిగులుతుంది అని. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో రొంత వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన కేజీఎఫ్ వాళ్లకు ఒక ధైర్యం ఉంది. 2001 ఫిబ్రవరి 28న మైన్స్ మూసేసిన తర్వాత మన పిల్లలు బెంగళూరు రైలును నమ్ముకునే బతికారు. మారికుప్పంలో పొద్దున బండి తప్పితే వెనకాల ఇంకోటి ఉంటుంది. అదీ తప్పితే రాబర్ట్‌సన్‌పేట బస్టాండు ఉంది. లేదంటే బంగారపేటకు పోయి మెయిన్ లైన్ బండి పట్టుకోవచ్చు. జాస్తి అంటే ఒక పూట జీతం పోతుంది. ఇన్నేళ్లుగా ఇదే అలవాటు కాబట్టి ఓడ విషయంలో కూడా మనకు తెలియకుండానే అట్లే ఆలోచిస్తాం. కానీ మన ఓడకు వెనకాల ఇంకో ఓడ లేదు.

రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక పోలిక చెప్తాను. 2019 ఏప్రిల్ 1 నుంచి రైల్వేలో రెండు బండ్ల పీఎన్నార్లు జోడించుకునే వసతి ఉంది. మొదటి బండి లేటై రెండోది తప్పిపోతే, నియమం ప్రకారం అడిగితే ఆ రెండో టికెట్ డబ్బు క్యాన్సిలేషన్ ఛార్జీ లేకుండా వెనక్కి వస్తుంది. ఎందుకంటే రెండు బండ్లూ ఒకే ఇంటివి. మన ప్రయాణంలో విమానం ఒకరిది, ఓడ ఇంకొకరిది. విమానం రద్దయితే ఆ కంపెనీ టికెట్ డబ్బు ఇస్తుంది, లేదా ఇంకో విమానంలో పంపిస్తుంది. మీ ఓడ పోయిందా ఉందా అన్నది వాళ్ల లెక్కలో లేదు. ఓడ కంపెనీ వాళ్లు మాత్రం మీ పేరు పక్కన రాలేదని రాసుకుంటారు. ఆ డబ్బు మామూలుగా తిరిగి రాదు. సొంత టికెట్ అంటే ఇదే అర్థం. మధ్యలో ఏం జరిగినా భారం మనదే.

ఇప్పుడు గడియారం చూద్దాం. లెక్క కోసం విమానం రాత్రి 11 గంటలకు అనుకోండి. ప్రయాణం సుమారు నాలుగున్నర గంటలు, సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే అక్కడి టైము ఉదయం 6 గంటలకు దిగుతాం. ఓడ సాయంత్రం 4 గంటలకు. "ఇంకేం, పది గంటలుందే" అంటా ఉన్నారు. లేదు. చాలా ఓడ కంపెనీలు బయలుదేరే టైముకు గంట, గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తాయి. ఎక్కేవాళ్ల జాబితా ముందుగా ఇమ్మిగ్రేషన్‌కు పోవాలి కదా. అంటే మన గడువు 4 కాదు, రెండున్నర. విమానం దిగాక ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, టాక్సీ కలిపి రెండు గంటలు తీసేయండి. చేతిలో ఆరున్నర గంటలు మిగిలాయి. ఆరు గంటల ఆలస్యమైతే చివరి నిమిషంలో ఎట్లో ఎక్కుతాం. విమానం రద్దయి మరుసటి రోజు పంపిస్తామంటే, అంతే, ఓడ పోయినట్టే.

అట్ల ఎప్పుడో గాని జరగదులే అనుకోవద్దు. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుఫానుకు చెన్నై విమానాశ్రయం రన్‌వే మీద నీళ్లు నిలిచి మూసేశారు. 2024 జులై 19న ఎక్కడో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పిపోయి ప్రపంచమంతా కంప్యూటర్లు ఆగిపోతే, మన దేశంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి, బెంగళూరులోనూ జనం పెట్టెల పక్కన పడిగాపులు పడ్డారు. ఇంకోటి, చలికాలంలో దేవనహళ్లి పొగమంచు సంగతి అందరికీ తెలిసిందే. మనం పోదామనుకునేది కూడా డిసెంబరులోనే.

ఇంకొందరు "ఓడ తప్పితే తర్వాతి ఊర్లో ఎక్కుదాం" అంటా ఉన్నారు. అది బస్సు కాదప్పా, ముందు స్టాపులో చేయి ఎత్తడానికి. ఆ దేశంలోకి అడుగు పెట్టడానికి కాగితాలు సరిగ్గా ఉండాలి, ఓడ కంపెనీ ఒప్పుకోవాలి, అక్కడిదాకా విమానం ఖర్చు మనమే పెట్టుకోవాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి అక్కడ క్రూజ్ ఎక్కేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. విదేశీ జెండా ఓడలు అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకున్నవాళ్లను అమెరికాలోనే ఇంకో రేవులో దించకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. సియాటెల్‌లో ఓడ తప్పి, అలాస్కాలో ఎక్కి సియాటెల్‌లో దిగుతామంటే ఆ చట్టం అడ్డం రావచ్చు. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో ఊరు చూడడానికి దిగి, లేటుగా వచ్చిన ఎనిమిది మందిని వదిలేసి నార్వేజియన్ డాన్ అనే ఓడ వెళ్లిపోయింది. వాళ్లు దేశాలు దాటుకుంటా ఓడ వెనక తిరిగారు. అప్పటికే లోపల పెట్టెలు పెట్టుకున్నవాళ్లకే ఆ గతి పట్టింది.

హోటల్ ఖర్చు గురించి. సింగపూర్‌లో గది ఖరీదే, కాదనను. కానీ మాటకు మొగుడూపెళ్లాల ఓడ టికెట్ లక్షా ఇరవై వేలు, ఒక రాత్రి గది పదిహేను వేలు అనుకుంటే, ఎనిమిదో వంతు మిగిల్చడానికి మొత్తం పందెం కాస్తామా? పదిహేను వేలు కుదరని వాళ్లు ఉంటే దానికీ దారి ఉంది. చెన్నై రేవు నుంచి కూడా క్రూజ్ ఓడలు పోతాయి. 2023 జూన్‌లో శ్రీలంకకు ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచే బయలుదేరింది. బంగారపేటలో రైలెక్కితే చెన్నై, విమానం గొడవే లేదు. అట్లాంటి ఓడ ఉన్న తేదీ చూసి పోవచ్చు. అప్పుడు కూడా ముందురోజే పోవాలి.

డబ్బు కంటే పెద్ద సంగతి ఒకటి. మనతో వచ్చేవాళ్లలో గని కింద ఏళ్ల తరబడి పనిచేసిన మామలు ఉన్నారు. కొందరికి ఊపిరి సరిగ్గా ఆడదు. విమానం ఎక్కడం వాళ్లకు ఇదే మొదటిసారి. సాయంత్రం ఇంట్లో బయలుదేరి, హొసకోట ట్రాఫిక్ దాటి, మూడు గంటల ముందు విమానాశ్రయం చేరి, రాత్రంతా నిద్ర లేకుండా కూర్చుని, తెల్లారి పెట్టెలు మోసుకుంటా రేవులో క్యూ నిలబడాలంటే అది విహారమా? పిల్లలు అరవై నిండిన కానుకగా పంపిస్తా ఉన్నారు. ఒక రాత్రి కాళ్లు చాచి పడుకుని ఓడెక్కితే ఆ కానుకకు విలువ.

కాబట్టి కమిటీకి నా మనవి ఇది:

1. విమానం ముందురోజుది మాత్రమే తీసుకోవాలి. బెంగళూరు నుంచి నేరుగా పోయేదే మేలు. మధ్యలో దిగి మారాల్సి వస్తే మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి. రెండు చౌక టికెట్లు అతికిస్తే మొదటిది లేటైనప్పుడు రెండోది చెల్లదు.

2. తిరుగు విమానం ఓడ రేవుకు వచ్చిన రోజు మధ్యాహ్నం తర్వాతే ఉండాలి. అందరూ దిగి, పెట్టెలు తీసుకునేసరికి పొద్దు పోతుంది.

3. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. ఓడ వేరే దేశం పోయి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా ఒకసారికా, ఎక్కువసార్లకా అని చూడాలి.

4. సింగపూర్‌లో ఓడ రేవులు రెండు ఉన్నాయి, మెరీనా బే ఒకటి, హార్బర్‌ఫ్రంట్ ఒకటి. టికెట్‌లో ఏది ఉందో టాక్సీ ఎక్కకముందే చూసుకోవాలి.

5. ఇన్సూరెన్సులో ప్రయాణం తప్పిపోతే ఏమిస్తారు, ఎన్ని గంటలు లేటైతే ఇస్తారు, పాత జబ్బులకు వర్తిస్తుందా అని అడగాలి. బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి.

మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఓడ కంపెనీ షరతులు మాత్రం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. సిగ్గుపడకుండా పిల్లల చేత చదివించుకోండి. ముఖ్యంగా చెక్-ఇన్ ఎన్ని గంటలకు మూస్తారు అన్న ఒక్క లైను కనుక్కుని కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

ఆదివారం మీటింగులో డబ్బు వసూలు మొదలుపెట్టే ముందే ఈ ఒకరోజు సంగతి తేల్చాలని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్లు కూడా మీ లెక్క కింద రాయండి, అందరం చూద్దాం.