‘సూపర్ తమ్మీ’ తోటి సినిమా బాగుపడదు

 

పోస్ట్ జర పొడుగున్నది. మెస్ లైన్ల నిలబడ్డప్పుడైనా పూర్తిగా చదవండ్రి. విషయం ఏందంటే, మన పిల్లలు సొంతంగా తీసి ఆన్‌లైన్‌ల పెడుతున్న చిన్న చిన్న యానిమేషన్ సినిమాలకు మనం ఇస్తున్న అభిప్రాయాలు.

నేను చూసినంతల మన దగ్గర రెండే రకాల మాటలున్నయి. ఒకటి ‘సూపర్ తమ్మీ, కేక’, పక్కన మూడు మంట బొమ్మలు. రెండోది ‘గీ కార్టూన్లతోటి ఏమొస్తది, మంచిగ గ్రూప్స్‌కు చదువుకో’. మొదటిది ప్రేమతోటి అంటున్నం, రెండోది బాధ్యత అనుకొని అంటున్నం. నా ఉద్దేశంల రెండూ ఒకటే. రెండు మాటలూ సినిమా చూడకుండనే అనొచ్చు.

మా హాస్టల్‌ల డిగ్రీ ఫస్ట్ ఇయర్ తమ్ముడు ఒకడున్నడు. స్క్రీన్ పగిలిన ఫోన్‌ల, ఫ్లిపాక్లిప్ యాప్ మీద, వేలితోటే గీసి రెండు నిమిషాల సినిమా చేసిండు. దండారికి ఇంటికి పోలేక హాస్టల్‌లనే ఉండిపోయిన పిల్లగాడు, రాత్రి వరండాల గుస్సాడి వేషంల తాత కనిపించుడు, అంతే కథ. గ్రూప్‌ల పెట్టేటప్పుడు కింద ఒక్క ప్రశ్న రాసిండు: ‘తాత కలల వచ్చిండా, నిజంగ వచ్చిండా, మీకు ఏమనిపించింది?’ గుండె బొమ్మలు మస్తుగ వచ్చినయి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఒక్కరు రాయలే. ఇంకో సీనియర్ అయితే హాజరు శాతం గురించి రాసిండు. తమ్ముడు వారం తర్వాత వీడియో తీసేసిండు. ఎందుకురా అంటే, ‘ఎవ్వరూ చూడలే దాదా’ అన్నడు. అన్ని గుండె బొమ్మలు వచ్చినంక కూడ ఎవ్వరూ చూడలే అని వానికి అనిపించిందంటే, మన మాటల విలువ ఎంతనో అర్థం చేసుకోవచ్చు.

బొమ్మలు గీసుడు ఎంత పనో చాలమందికి తెల్వదు కాబట్టి లెక్క చెప్త. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు. చేతితోటి గీసేటోళ్లు మామూలుగ ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలబెడతరు, అంటే సెకనుకు 12 బొమ్మలు. రెండు నిమిషాలంటే 1,440. రాత్రి స్టడీ అవర్ అయినంక కూసొని 60 గీసినా 24 రాత్రులు. అట్లాంటప్పుడు అంతా అయిపోయినంక ‘ఆ నడక సీన్ బాలే, మార్చు’ అంటే, మనకు అది ఒక్క లైను, వానికి ఐదు సెకన్ల నడకకు మళ్ల 60 బొమ్మలు, ఒక రాత్రి మొత్తం.

అందుకే అభిప్రాయం ఎప్పుడు చెప్పాలె అన్నది, ఏం చెప్పాలె అన్నదానికన్న ముందు వస్తది. పెద్ద స్టూడియోలల్ల గీసుడు మొదలుపెట్టకముందే యానిమాటిక్ అని ఒకటి చేస్తరు. గీతల బొమ్మలు వరుసగ పెట్టి, ఏ బొమ్మ ఎన్ని సెకన్లుండాలెనో చూసి, కింద ఉత్త గొంతు పెట్టి నడిపిస్తరు. చూడనీకి గలీజుగ ఉంటది. కాని కథ అర్థమైతలేదు, ఇక్కడ సాగదీసినట్టుంది, గీ మనిషి ఎవరు అన్న సంగతులన్ని అక్కడనే బయటపడతయి. మార్చాలన్నా పది బొమ్మల పనే. మన పిల్లలు ఆ గలీజు రూపం ఎవరికీ చూపిస్తలేరు, నవ్వుతరని భయం. చూపించినా మనం ‘బొమ్మలు మంచిగ గియ్యలే’ అంటం. ఇల్లు కట్టకముందు ముగ్గు పోసి చూపిస్తే గోడలేవి అని అడిగినట్టుంటది.

ఇగ ఏం చెప్పాలె? పిక్సర్ స్టూడియోల బ్రెయిన్‌ట్రస్ట్ అని ఒక పద్ధతి ఉన్నదని ఎడ్ కాట్‌మల్ 2014ల వచ్చిన తన పుస్తకంల రాసిండు. దర్శకులు కూసొని ఒకరి సినిమాను ఒకరు చూసి, మొహమాటం లేకుండ లోపాలు చెప్తరు. కాని ‘గిట్ల మార్చు’ అని హుకుం చేసే అధికారం వాళ్లకు లేదు. వినాలెనా వద్దా అన్నది తీసినోని ఇష్టం. నాకు దీంట్ల నచ్చింది ఇదే. ఎక్కడ నొప్పి ఉన్నదో చూసేటోడు చెప్పాలె, మందు తీసినోడు వెతుక్కుంటడు. మన గ్రూప్‌ల ఉల్టా నడుస్తది. ‘తాత బదులు పులి వస్తే బాగుండు’, ‘చివరికి ఫైట్ పెట్టు’ అని మన కథ వాని నెత్తి మీద రుద్దుతం. అది మీ సినిమా, మీరే తీసుకోండ్రి.

చెప్పే మాటకు జాగా ఉండాలె. ‘మధ్యల బోర్ కొట్టింది’ అంటే వాడు ఏం చేస్తడు? ‘40వ సెకను నుంచి 55 దాక పిల్లగాడు ఏం చేస్తుండో నాకు తెల్వలే, అక్కడ ఫోన్ పక్కకు పెట్టబుద్ధయింది’ అంటే పని జరుగుతది. ఇంకోటి, సౌండ్ బంద్ పెట్టి ఒకసారి, కండ్లు మూసుకొని ఒకసారి చూడండ్రి. చాల లోపాలు బొమ్మలల్ల ఉండయి, సౌండ్‌ల ఉంటయి. ఫ్యాన్ మోత, గొంతు దూరంగ వినబడుడు, పాట మాటను మింగేసుడు. ఇవి మళ్ల గీయకుండనే సరిచేసుకోవచ్చు కాబట్టి మొదలు ఇవే చెప్తే వానికి ఆసరా ఐతది. సురేష్ ఎరియట్ తీసిన ‘టోక్రి’ అని మట్టి బొమ్మల షార్ట్ ఫిలిం ఉన్నది, ముంబైల బుట్టలు అమ్మే అమ్మాయి కథ. దాన్ని ఇట్లనే చూసి చూడండ్రి, సౌండ్ ఎంత పని చేస్తదో తెలుస్తది.

అయితే గివన్నీ ఎవరైనా చెప్తరు. మనమే చెప్పగలిగేవి కొన్ని ఉన్నయి, నేను ఈ పోస్ట్ రాస్తున్నది అసలు వాటి కోసమే.

డిస్నీల పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981ల రాసిన పుస్తకంల యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పిన్రు. అందుల ఒకటి, శరీరం ఆగినంక దానికి వేలాడేవి వెంటనే ఆగయి, జరసేపు ఊగి ఆగుతయి. తోక, జుట్టు, బట్టలు అని ఉదాహరణలు ఇస్తరు. ఇగ చెప్పండ్రి, గుస్సాడి గిరుక్కున తిరిగి ఆగినంక తల మీది నెమలి ఈకల టోపీ ఎట్ల ఊగుతదో మనకన్న బాగ ఎవరికి తెలుసు? తమ్ముని సినిమాల ఆ టోపీ అట్టముక్క లెక్క నిలబడ్డది. ఏ యానిమేషన్ కోర్సుల సారు కూడ దాన్ని పట్టడు, ఎందుకంటే ఆయన గుస్సాడిని పక్కన నిలబడి చూసి ఉండడు. మన గ్రూప్‌ల ప్రతి దండారికి చూసినోళ్లే ఉన్నరు. ఒక్కరు చెప్పలే.

సౌండ్ కూడ అంతే. ఉచితంగ దొరికే సౌండ్ల సైట్‌ల ‘ట్రైబల్ డ్రమ్’ అని కొడితే ఏడేడి దేశాల మోతలో వస్తయి. పిల్లలు తెలియక పెట్టేస్తరు. మన డప్పు కాదని మన చెవి గుర్తుపడుతది, కాని నోరు ‘సూపర్’ అంటది. బయటోళ్లు సినిమాలల్ల మనకు ఆకులు కట్టి హుర్రే హుర్రే అనిపిస్తే కోపమొస్తది గదా. మనోడే పొరపాటున వేరే వాళ్ల డప్పు కొట్టిస్తే, అది కూడ చెప్పాలె. కోపంతోటి కాదు, ‘ఈసారి ఇంటికి పోయినప్పుడు ఫోన్‌ల రికార్డ్ చేసి పంపుత’ అని చెప్పాలె. అట్ల పంపితే అంతకన్న మంచి ఫీడ్‌బ్యాక్ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘ఇది అసలు గోండి కాదు’ అని కొట్టిపారేసేటోళ్లు మనల తయారైతున్నరు. ఉట్నూరు దిక్కు ఒక తీరు, సిర్పూర్ దిక్కు ఒక తీరు, ప్రాణహిత అవతల ఇంకో తీరు మాట్లాడతరు. యాస తేడా తప్పు కాదు. ‘మా దిక్కు గిట్ల అంటం’ అని రాయండ్రి, చాలు. భాషల సినిమా తీసేటోడే దొరుకుతలేడు, దొరికినోన్ని పరీక్ష పెట్టి పంపిద్దామా? గుంజాల గోండి లిపిల పేరు రాసినోళ్లకైతే ఇంకా ఓపికగ చెప్పాలె. ఆ లిపి యూనికోడ్‌లకు వచ్చిందే 2018ల. అక్షరం తప్పుపోతే వ్యక్తిగతంగ మెసేజ్ పెట్టండ్రి, అందరి ముందు వద్దు.

పెద్దల మాట కూడ ఇందులనే వస్తది. మన కథలు ప్రధాన్‌లు కిక్రి మీద పాడుతూ కాపాడినయి. కొన్ని కథలు ఒక గోత్రానివి, కొన్నింటికి పూజ ఉన్నది. అట్లాంటిది ముట్టుకునేటప్పుడు, అన్నీ గీసి ప్రపంచం మీద వదిలినంక కాదు, యానిమాటిక్ అప్పుడే ఇంటికాడ పెద్దమనిషికి ఫోన్‌ల చూపించాలె. వాళ్లు ‘ఈ ముక్క వద్దు’ అంటే దానికి లైకుల కన్న బరువు ఎక్కువ. గుస్సాడికి 2021ల పద్మశ్రీ తెచ్చిన మర్లవాయి కనకరాజు గారు 2024ల పోయిన్రు. అడుగు సరిగ పడ్డదా అని అడగడానికి అసొంటి పెద్దలు ఏటేటా తగ్గుతున్నరు. ‘తర్వాత అడుగుదాం’ అంటే ఎవరిని అడుగుతం?

కొందరు అక్కలు అంటరు, మొదటిసారి తీసేటోడు, తప్పులు చెప్తే మనసు విరిగి మానేస్తడు, అందుకే పొగుడుతున్నం అని. ఆ ఉద్దేశం మంచిదే. ఇంట్ల మొదటోడు కాలేజీకి వచ్చినోనికి ఎవ్వరు ఒక్క మాట అన్నా ‘నాది కాదు ఈ జాగా’ అనిపిస్తది, నాకూ తెలుసు. కాని మా తమ్ముడు తిట్లతోటి మానలే, ఖాళీ పొగడ్తతోటి మానిండు. పైగా ‘పాపం హాస్టల్ పిల్లలు’ అని బయటోళ్లు మన పనికి వేసే గ్రేస్ మార్కులు మనకు ఇష్టముండదు. మనలో మనం వేసుకుంటే ఎట్ల?

లాత్వియా అని చిన్న దేశం. అక్కడి గింట్స్ జిల్బలోడిస్ బడిల చదువుకునే రోజుల్లనే నీళ్లకు భయపడే పిల్లి మీద ‘ఆక్వా’ అని చిన్న సినిమా చేసిండు, 2012ల. తర్వాత 2019ల ‘అవే’ అనే పెద్ద సినిమాను ఒక్కడే కూసొని చేసిండు. ఆ పిల్లి కథనే పెంచి తీసిన ‘ఫ్లో’కు 2025ల ఆస్కార్ వచ్చింది. అది చేసింది బ్లెండర్‌ల, ఎవరైనా పైసలు కట్టకుండ దించుకునే సాఫ్ట్‌వేర్. మా తమ్మునికి ఆస్కార్ వస్తదని నేను చెప్తలేను. మొదటి చిన్న సినిమా దగ్గర ఆపేస్తే రెండోది ఉండదు, అంతే చెప్తున్న.

వాన్ని బతిమిలాడి మళ్ల మొదలుపెట్టించిన. ఈసారి గీతల బొమ్మలతోటి యానిమాటిక్ వచ్చే ఆదివారం గ్రూప్‌ల పెడతడు. చూడనీకి గలీజుగనే ఉంటది, ముందే చెప్తున్న. రెండుసార్లు చూడండ్రి. తాత కలల వచ్చిండా నిజంగనా, ఏ సెకను కాడ అట్ల అనిపించింది, రాయండ్రి. టోపీ ఎట్ల ఊగాలెనో వీడియో ఉన్నోళ్లు పంపండ్రి. ఇంకా తాత గొంతుకు ఒక ముసలాయన కావాలె, గోండిల నాలుగే మాటలు. ఎవరింట్లనన్న తాత ఒప్పుకుంటే, ఫ్యాన్ బంద్ పెట్టి రికార్డ్ చెయ్యండ్రి.