నాణెమునకు జ్ఞాపకము లేదు

బందరులోనైనను గుడివాడలోనైనను బాలురు ఆటకు ముందు నాణెము నెగురవేసి బొమ్మయో బొరుసో అడుగుదురు. నాణెము సరియైనదైనచో రెండింటికిని సమానావకాశము గలదు. కావున బొమ్మ పడు సంభావ్యత 1/2.

వరుసగా అయిదు మారులు బొమ్మయే పడినదనుకొందము. ఆరవ మారు బొరుసు పడియే తీరునని పలువురు తలంతురు. ఇది భ్రమ. ఆరు మారులు ఎగురవేసినచో మొత్తము 64 విధముల ఫలితములు రావచ్చును. వానిలో మొదటి అయిదును బొమ్మలైనవి రెండే. ఒకదాని చివర బొమ్మ, రెండవదాని చివర బొరుసు ఉండును. కనుక ఆరవ మారును సంభావ్యత 1/2 మాత్రమే.

ఆటలో ఈ భ్రమవలన పెద్ద నష్టము లేదు. సముద్రతీరమున అది ప్రాణములకే ముప్పు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచివేయగా సుమారు 30,000 మంది మరణించిరి. మరల 113 ఏండ్లకు, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమపై ఉప్పెన విరుచుకుపడెను. ఆ తుపానులో 10,000 మందికి పైగా అసువులు బాసిరి. ఇట్టిది నూరేండ్ల కొకమారు వచ్చునని, వచ్చి పోయినది గనుక మన తరమునకు భయము లేదని యెవరైన ననవచ్చును. ఆ మాటను నేనంగీకరింపను.

ఉప్పెన వచ్చుట, రాకుండుట బొమ్మా బొరుసుల వలె సమానావకాశములు గలవి కావు. లెక్కకొరకు, ఏ యేటికాయేడు అది వచ్చు సంభావ్యత 1/100 అనియు, ఒక యేటి ఫలితము మరియొక యేటిపై ఆధారపడదనియు అనుకొందము. అప్పుడు రాకుండు సంభావ్యత 99/100. వరుసగా రెండేండ్లు రాకుండుటకు ఈ భిన్నమును దానిచేతనే గుణింపవలెను. ఇట్లు నూరేండ్లకును గుణించినచో సుమారు 37/100 వచ్చును. అనగా నూరేండ్లలో ఒక్కమారైనను వచ్చు సంభావ్యత సుమారు 63/100. అది వచ్చియే తీరుననుటకును వీలులేదు, రాదనుటకును వీలులేదు. నిరుడు వచ్చినను ఈయేటి సంభావ్యత 1/100 గానే యుండును.

కావున తుపాను ఆశ్రయ భవనములను, కరకట్టలను, కృష్ణ సముద్రమున కలియు చోటనున్న మడ అడవులను ఏటేట కాపాడుకొనవలెను. ఎన్నియో యేండ్లు ఉప్పెన రాలేదని వానిని ఉపేక్షించుట తగదు. నాణెమునకు వలెనే సముద్రమునకును జ్ఞాపకము లేదు. జ్ఞాపకముంచుకొనవలసిన వారము మనమే.